రన్ నొక్కే ముందు: కొత్త ప్రోగ్రామర్ నిపుణుడయ్యే దారి

ముందుగా ఒక చిన్న పరీక్ష. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. కాగితం, పెన్సిల్ చాలు. కింది నాలుగు వాక్యాలను కంప్యూటర్ పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా అమలు చేస్తుందనుకోండి. ‘=’ గుర్తు వేస్తే, కుడివైపున్న విలువను ఎడమవైపున్న పేరుకు ఇవ్వమని అర్థం.

క = 5
గ = 7
క = గ
గ = క

చివరికి ‘క’ విలువ ఎంత? ‘గ’ విలువ ఎంత?

‘క’కు 7, ‘గ’కు 5 అని రాశారా? కంగారు పడనక్కర్లేదు. ప్రోగ్రామింగ్ కొత్తగా మొదలుపెట్టినవారిలో చాలామంది ఇదే జవాబు చెబుతారు. రెండు విలువలూ తారుమారయ్యాయని అనుకుంటారు. సరైన జవాబు మాత్రం రెండూ 7. మూడో వాక్యం అమలు కాగానే ‘క’లో ఉన్న 5 చెరిగిపోయింది. నాలుగో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ‘గ’కు ఇవ్వడానికి ఆ 5 ఎక్కడా మిగల్లేదు.

ప్రోగ్రామింగ్ మనిషికి ఎలా వస్తుంది అన్న విషయం మీద దాదాపు అయిదు దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. వాటిలో పెద్ద భాగం ఇలాంటి చిన్న పొరపాట్ల నుంచే మొదలైంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కోడ్ అమలు కాకముందే అది ఏం చేస్తుందో చెప్పగలగడమే ప్రోగ్రామర్‌కు మూల నైపుణ్యం. మిగతావన్నీ దాని మీద కట్టుకునేవే. ఆ నైపుణ్యం ఎలా పెరుగుతుంది? ఎక్కడ ఆగిపోతుంది? కృత్రిమ మేధ అడిగిన వెంటనే కోడ్ రాసి పెడుతున్న ఈ రోజుల్లో దానికి ఏమవుతుంది? ఈ పాఠంలో చూద్దాం.

డబ్బా బదులు పలక

తరగతి గదిలో వేరియబుల్ గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా వాడే పోలిక డబ్బా. వేరియబుల్ అంటే పేరు రాసి ఉన్న డబ్బా, అందులో విలువ వేస్తాం అని చెబుతారు. వినడానికి తేలికే. కానీ డబ్బాలో అయిదు గోలీలు ఉండగా మరో ఏడు వేస్తే పన్నెండు అవుతాయి. ఒక డబ్బాలోవి ఇంకో డబ్బాలో పోస్తే మొదటిది ఖాళీ అవుతుంది. వేరియబుల్ విషయంలో ఈ రెండూ జరగవు. ఒక వేరియబుల్‌లో ఒకేసారి రెండు విలువలు ఉంటాయని, విలువ ఇచ్చేశాక అసలు వేరియబుల్ ఖాళీ అవుతుందని కొందరు విద్యార్థులు అనుకోవడం పరిశోధకులు గమనించారు. ఆ అపోహలకు పోలిక కూడా కొంత కారణమే.

దీనికన్నా పలక మంచి పోలిక. పలక మీద కొత్త అంకె రాయాలంటే పాతది తుడిచేయాలి. పక్కవారి పలక చూసి మన పలక మీద రాసుకుంటే వారి అంకె చెరిగిపోదు. ఇప్పుడు పై నాలుగు వాక్యాలను ఇద్దరు పిల్లల చేతిలోని రెండు పలకలుగా ఊహించండి. విలువలు నిజంగా తారుమారు కావాలంటే ఏం చేయాలో కూడా తోచేస్తుంది. తుడిచే ముందు ‘క’లోని అంకెను మూడో పలక మీద రాసి దాచుకోవాలి.

మన తలలో నడిచే ఈ పలకల వ్యవస్థకు పరిశోధకులు ‘నోషనల్ మెషీన్’ అని పేరు పెట్టారు. తెలుగులో ఊహాయంత్రం అనుకుందాం. బ్రిటన్‌కు చెందిన బెనెడిక్ట్ డు బూలే, ఆయన సహచరులు 1981లో ఈ భావనను ప్రతిపాదించారు. కంప్యూటర్ లోపల ట్రాన్సిస్టర్లు ఎలా పనిచేస్తాయో విద్యార్థికి తెలియనవసరం లేదు. తాను రాసే ప్రతి వాక్యం ఆ భాషలో ఏం మారుస్తుందో చూపించే సరళమైన, పొరపాటు లేని నమూనా తలలో ఉంటే చాలు. అది సరిగా లేనప్పుడు ఎన్ని ప్రోగ్రాములు బట్టీ పట్టినా నిలవవు.

అమెరికా పరిశోధకుడు రాయ్ పీ 1986లో మరో ఆసక్తికరమైన విషయం చెప్పారు. కొత్తవారు చేసే రకరకాల తప్పుల వెనుక ఒకే పెద్ద అపోహ ఉందని ఆయన అన్నారు. దానికి ‘సూపర్‌బగ్’ అని పేరు పెట్టారు. కంప్యూటర్ లోపల ఎక్కడో మనసు ఉందని, మనం సగం చెప్పినా మిగతాది అర్థం చేసుకుంటుందని లోలోపల నమ్మడమే ఆ అపోహ. ఉదాహరణకు ఒక వేరియబుల్‌కు ‘అత్యధికం’ అని పేరు పెట్టగానే అందులోకి అన్నిటికన్నా పెద్ద సంఖ్యే వచ్చి చేరుతుందని ఆశించడం. మనిషితో మాట్లాడేటప్పుడు ఈ ఆశ సహజం. టీ కొట్టు దగ్గర ‘అన్నా, రెండు’ అంటే చాలు. యంత్రానికి మాత్రం ఆ పేరు ఉత్త గుర్తు.

భౌతికశాస్త్రం బోధించేవారికి ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. కదులుతున్న వస్తువు మీద కదిలే దిశలో బలం ఉండి తీరాలన్న నమ్మకం న్యూటన్ సూత్రాలు చదివాక కూడా చాలామందిలో అలాగే ఉండిపోతుందని ఇబ్రహీం హల్లూన్, డేవిడ్ హెస్టెనెస్ 1985లో చూపించారు. సూత్రం చెప్పినంత మాత్రాన పాత నమూనా తలలోంచి పోదు. విద్యార్థి ముందుగా ఊహించి చెప్పాలి. ఆ ఊహ తప్పని కళ్లారా చూడాలి. అప్పుడు గానీ అది కదలదు.

రాయలేకపోవడం వెనుక చదవలేకపోవడం

2001లో వివిధ దేశాలకు చెందిన కంప్యూటర్ అధ్యాపకులు కలిసి ఒక పరీక్ష పెట్టారు. నాలుగు విశ్వవిద్యాలయాల్లో ప్రోగ్రామింగ్ తొలి కోర్సు పూర్తిచేసిన 216 మంది విద్యార్థులకు కాల్‌క్యులేటర్ లాంటి ప్రోగ్రాం రాయమని ఇచ్చారు. 110 మార్కులకు సగటున వచ్చినవి 22.89. మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో జరిగిన ఈ అధ్యయనం అధ్యాపకులను కలవరపెట్టింది. కోర్సు పాసైనవారు కూడా ప్రోగ్రాం రాయలేకపోతున్నారని తేలింది.

విద్యార్థులకు సమస్యలు పరిష్కరించే నేర్పు లేకపోవడమే కారణమా? లేక అంతకన్నా కిందే ఏదైనా లోపం ఉందా? ఈ ప్రశ్నతో రేమండ్ లిస్టర్, ఆయన సహచరులు 2004లో ఏడు దేశాల విద్యార్థుల మీద మరో అధ్యయనం చేశారు. ఈసారి రాయమని అడగలేదు. చిన్న చిన్న కోడ్ ముక్కలు ఇచ్చి, ఇది అమలైతే ఏం వస్తుందో గుర్తించమన్నారు. అందులోనూ చాలామంది తడబడ్డారు. చిత్తుకాగితం మీద ప్రతి వేరియబుల్ విలువ ఎలా మారుతోందో వరసగా రాసుకుంటూ వెళ్లినవారు మాత్రం సరైన జవాబులు ఎక్కువగా రాబట్టగలిగారు.

దీన్ని ట్రేసింగ్ అంటారు. మన కాలేజీల్లో కొందరు అధ్యాపకులు ‘డ్రై రన్’ అంటారు. ఈ అధ్యయనం తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా అదే వరసను సూచించాయి. ముందు కోడ్‌ను వాక్యం వాక్యంగా ట్రేస్ చేయగలగాలి. తర్వాత ఒక ముక్క మొత్తంగా ఏం చేస్తోందో మామూలు మాటల్లో చెప్పగలగాలి. ఆ రెండూ కొంత వచ్చాక సొంతంగా రాయడం కుదురుతుంది. అక్షరాలు చదవడం రాకుండా ఉత్తరం రాయమంటే ఎలా ఉంటుందో, ట్రేసింగ్ రాకుండా ప్రాజెక్టు చేయమన్నా అలాగే ఉంటుంది. మన ల్యాబుల్లో రికార్డు పుస్తకం చూసి టైప్ చేసి, అవుట్‌పుట్ వచ్చిందని చూపించి సంతకం పెట్టించుకునే పద్ధతిలో ఈ మొదటి మెట్టు పూర్తిగా తప్పిపోతుంది.

మెదడులో చోటు తక్కువ

ఒక ఫోన్ నంబరు విని, రాసుకునే వరకు మనసులో పట్టుకునే చోటును వర్కింగ్ మెమరీ అంటారు. అది చాలా చిన్నది. అందులో దాదాపు ఏడు అంశాలు పడతాయని జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. దాదాపు నాలుగే పడతాయని నెల్సన్ కోవన్ 2001లో వాదించారు. ఎవరి లెక్క తీసుకున్నా, కొత్త ప్రోగ్రామర్‌కు ఆ చోటు చాలదు. సమస్య ఏమిటో గుర్తుంచుకోవాలి. సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలి. తెరమీద వచ్చిన ఎర్రర్ సందేశం ఏమంటోందో తెలుసుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఆ సందేశం ఇంగ్లిష్‌లో ఉండడం ఇంకో బరువు. వారికి తెలివి తక్కువేమీ కాదు. ఒకే చేత్తో రెండు మూటలు మోస్తున్నారంతే. పాఠం తెలుగులో వినే అవకాశం ఉంటే ఒక మూట దిగుతుంది. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు తన పాఠాలను తెలుగు సహా భారతీయ భాషల్లో ఇవ్వడం వెనుక ఉన్న ప్రయోజనం అదే.

ఈ భారాన్ని తగ్గించే మార్గాన్ని జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ 1985లో బీజగణితంతో పరీక్షించి చూపించారు. కొత్తగా నేర్చుకునేవారికి వరసగా లెక్కలు ఇచ్చి చేయమనడం కన్నా, చేసి చూపిన లెక్కలను చదివించి, వెంటనే అలాంటిదే మరొకటి చేయించడం వల్ల తక్కువ సమయంలో తక్కువ తప్పులతో నేర్చుకున్నారు. ప్రోగ్రామింగ్ బోధనలోనూ ఈ పద్ధతి వాడుతున్నారు. న్యూజిలాండ్ అధ్యాపకులు డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ 2006లో దీనికి దగ్గరి అభ్యాసాన్ని రూపొందించారు. సరైన ప్రోగ్రాంలోని వాక్యాలనే కలగాపులగం చేసి ఇస్తారు. విద్యార్థి వాటిని సరైన వరసలో పేర్చాలి. స్పెల్లింగు గొడవ ఉండదు, ఆలోచన అంతా వరస మీదే ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. చేసి చూపిన లెక్క కొత్తవారికి మేలు చేస్తుంది. కొంత నేర్పు వచ్చాక అదే అడ్డు కూడా అవుతుందని స్లావా కల్యూగా తదితరుల పరిశోధనల్లో తేలింది. చేయిపట్టుకుని నడిపించడం ఎప్పుడో ఒకప్పుడు ఆపాలి. రెండోది, చదవడమంటే చూస్తూ కూర్చోవడం కాదు. మిషెలిన్ చీ బృందం 1989లో, యాంత్రికశాస్త్రం లెక్కలు చదువుతున్న విద్యార్థులను పరిశీలించింది. ప్రతి మెట్టు దగ్గర ఆగి, ఇది ఎందుకు ఇలా వచ్చిందని తమకు తాము చెప్పుకున్నవారే తర్వాత లెక్కలు బాగా చేశారు. మూడు గంటల కోడింగ్ వీడియో చూశాక అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఖాళీ తెర ముందు కూర్చోగానే ఒక్క వాక్యం కూడా తోచదు. ఆ వీడియోలో ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు వెతికింది చెప్పేవారు. మనం విన్నాం.

నిపుణుడికి ఏం కనిపిస్తుంది?

వర్కింగ్ మెమరీ ఇంత చిన్నదైతే, వేల వాక్యాల ప్రోగ్రాంలను నిపుణులు ఎలా సంబాళిస్తారు? వారి మెదడులో చోటు ఎక్కువా? దీనికి జవాబు మొదట చదరంగం నుంచి వచ్చింది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఆట మధ్యలో ఉన్న బోర్డును ఆటగాళ్లకు 5 సెకన్లు చూపించి, గుర్తున్నంత వరకు పావులను పేర్చమన్నారు. మాస్టర్ స్థాయి ఆటగాడు మొదటి చూపుకే సుమారు 16 పావులను సరిగ్గా పెట్టాడు. ఆరంభకుడు 4 దగ్గర ఆగిపోయాడు. అవే పావులను ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే మాత్రం ఆ ఆధిక్యం కనిపించలేదు. మాస్టర్‌కు ఉన్నది పెద్ద జ్ఞాపకశక్తి కాదు, బోర్డును అర్థవంతమైన గుంపులుగా చూసే అలవాటు.

1981లో కేథరిన్ మెకీథన్, ఆమె సహచరులు ఇదే ప్రయోగాన్ని ప్రోగ్రాంలతో చేశారు. మామూలు ప్రోగ్రాం చూపిస్తే అనుభవజ్ఞులు కొత్తవారికన్నా చాలా ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. వాక్యాల వరస చెదరగొట్టి చూపిస్తే అందరూ దాదాపు సమానమే. అంటే అనుభవజ్ఞులు గుర్తుపెట్టుకున్నది వాక్యాలను కాదు, అర్థాన్ని.

ఆ అర్థవంతమైన గుంపులు ఎలా ఉంటాయో ఒక ఉదాహరణతో చూద్దాం. యేల్ విశ్వవిద్యాలయంలో ఇలియట్ సోలోవే బృందం 1980లలో ప్రసిద్ధం చేసిన లెక్క ఒకటి ఉంది. దీన్ని ‘వర్షపాతం సమస్య’ అంటారు. రోజువారీ వర్షపాతం అంకెలు ఒక్కొక్కటిగా తీసుకుంటూ పోవాలి. 99999 అని ఇవ్వగానే ఆపేసి, సగటు చెప్పాలి. వినడానికి చిన్నదే. కొత్తవారికి ఇది పది పదిహేను విడి వాక్యాలు. అనుభవం ఉన్నవారికి ఇది నాలుగు ముక్కలు: ఆపమనే గుర్తు వచ్చేవరకు తిరిగే లూప్, మొత్తం కూడుతూ పోయే వేరియబుల్, ఎన్ని అంకెలు వచ్చాయో లెక్కపెట్టే వేరియబుల్, చివర్లో భాగహారం. వారికి అయిదో విషయం కూడా వెంటనే తడుతుంది. మొదటి అంకెగానే 99999 ఇచ్చేస్తే? అంకెల సంఖ్య సున్నా, సున్నాతో భాగించడం కుదరదు. అనుభవం ఉన్నవారు చాలావరకు ముందే వేసే ప్రశ్న ఇది.

సోలోవే, కేట్ ఎర్లిక్ 1984లో మరో ప్రయోగం చేశారు. ప్రోగ్రామర్లు సాధారణంగా పాటించే రివాజులకు విరుద్ధంగా, కానీ తప్పు లేకుండా రాసిన ప్రోగ్రాంలను చూపించారు. వేరియబుల్ పేరు ఒకటి, అది చేసే పని ఇంకొకటి అన్నట్టుగా. అప్పుడు నిపుణుల పనితీరు కొత్తవారి స్థాయికి దగ్గరగా పడిపోయింది. పేర్లు చక్కగా పెట్టడం, అందరూ వాడే వరసలో రాయడం వంటివి మర్యాద కోసం చేసే పనులు కావని దీన్నిబట్టి అర్థమవుతుంది. చదివేవారి మెదడు పనిచేసేదే వాటి ఆసరాతో.

తప్పు వెతకడమే సగం చదువు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఎమ్మెస్సీలో రంగె-కుట్టా పద్ధతితో రేడియోధార్మిక క్షయాన్ని లెక్కించే ప్రోగ్రాం ఫోర్ట్రాన్‌లో రాయాల్సి వచ్చింది. 100 పరమాణువులతో మొదలుపెడితే కాలంతో పాటు తగ్గుతూ పోవాలి. నా ప్రోగ్రాంలో ఎన్ని మెట్లు లెక్కించినా 100 అలాగే ఉంది. నా పరమాణువులు చిరంజీవులు. పుస్తకంతో పోల్చి చూశాను, ఒక్క అక్షరం తేడా లేదనిపించింది. మొత్తం తుడిచి మళ్లీ టైప్ చేశాను. మళ్లీ 100. రెండు రోజులు ఇదే తంతు.

పక్క ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క వచ్చి చూసింది. కోడ్ చదవలేదు. ‘మధ్యలో విలువలు ఏం వస్తున్నాయో ప్రింట్ చేశావా?’ అని మాత్రమే అడిగింది. చేశాను. నాలుగు వాలు విలువలూ సరిగ్గానే ఉన్నాయి. వాటి మొత్తాన్ని 1/6తో గుణించాక సున్నా వస్తోంది. ‘1/6 ఎంత?’ అంది. అప్పుడు వెలిగింది. ఫోర్ట్రాన్‌లో రెండు పూర్ణాంకాలను భాగిస్తే జవాబు కూడా పూర్ణాంకమే. 1ని 6తో భాగిస్తే 0. గణితంలో 1/6 ఒక భిన్నం, నా ప్రోగ్రాంలో అది సున్నా. 1.0/6.0 అని మార్చగానే పరమాణువులు క్షయం కావడం మొదలుపెట్టాయి.

ఆమె నాకు జవాబు చెప్పి ఉంటే ఆ ప్రోగ్రాం ఒక్కటే బాగుపడేది. అడగాల్సిన ప్రశ్న చెప్పింది కాబట్టి తర్వాత రాసినవన్నీ బాగుపడ్డాయి. తప్పు వెతకడం అంటే ల్యాబులో చేసే ప్రయోగం లాంటిదే. ఇక్కడ ఈ విలువ రావాలి అని ముందు ఊహించాలి. కొలవాలి. తేడా ఉంటే దానికి ముందు మెట్టుకు వెళ్లాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కొత్తవారు ఎక్కువగా చేసేది దీనికి వ్యతిరేకం. నాలుగుచోట్ల ఏదో ఒకటి మార్చి, మళ్లీ రన్ నొక్కి, దేవుడా అనుకుంటారు. ఎప్పుడైనా ఒకసారి పనిచేసినా, ఎందుకు పనిచేసిందో తెలియదు.

పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారని తరచూ వింటుంటాం. ఈ మాటకు మూలం 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్, ఆయన సహచరులు బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం. అందులో గంటల లెక్క ఉన్న మాట నిజమే. అయితే ఎరిక్‌సన్ నొక్కి చెప్పింది సాధన తీరు గురించి. ఒక బలహీనతను ఎంచుకుని, కాస్త కష్టమైన పనితో దాన్ని సరిదిద్దుకుంటూ, ఎక్కడ తప్పుతోందో వెంటనే తెలుసుకుంటూ చేసే సాధన అది. వచ్చిన పనినే పదేళ్లు చేస్తే పదేళ్ల అనుభవం రాదు, ఒక ఏడాది అనుభవం పదిసార్లు వస్తుంది.

కాజాల నుంచి కత్తిరింపు వరకు

ఉద్యోగంలో చేరాక పరిస్థితి మారుతుంది. కాలేజీలో ఖాళీ తెర మీద మొదలుపెట్టి ఇరవై వాక్యాలు రాస్తారు. కంపెనీలో ఎవరో ఎప్పుడో రాసిన లక్షల వాక్యాల మధ్య ఒక చిన్న మార్పు చేయాలి. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కనిపించే కోర్సుల బోర్డులు ఒక భాషను, ఒక పరికరాన్ని నేర్పిస్తామని చెబుతాయి. అవి అవసరమే. ఎన్నో కుటుంబాలకు ఉద్యోగం దారి చూపించినవీ అవే. పెద్ద కంపెనీలు కూడా కొత్తగా చేరినవారికి కొన్ని వారాలో నెలలో సొంతంగా శిక్షణ ఇస్తాయి. కానీ ఇతరుల కోడ్‌లో తప్పిపోకుండా తిరగడం అన్నది తరగతి గదిలో పూర్తిగా రాదు. పని మధ్యలోనే వస్తుంది.

పని మధ్యలో నేర్చుకోవడం గురించి జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో రాసిన పుస్తకం ప్రసిద్ధమైనది. అందులోని ఉదాహరణల్లో ఒకటి పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దర్జీలది. అక్కడ కొత్తగా చేరినవారు ముందు ఇస్త్రీ చేయడం, గుండీలు కుట్టడం వంటి చివరి పనులతో మొదలుపెడతారు. గుడ్డ కత్తిరించడం ఆఖరున వస్తుంది. మన ఊళ్లలో దర్జీ దుకాణాల్లోనూ అంతే. కుర్రవాడు ముందు కాజాలు కుడతాడు. కాజా పోతే సరిచేసుకోవచ్చు, గుడ్డ తప్పు కత్తిరిస్తే సరిచేయలేం. అంతకన్నా ముఖ్యంగా, కాజాలు కుడుతూ వందల చొక్కాలు పూర్తయ్యాక ఎలా ఉంటాయో చేతులతో తడిమి తెలుసుకుంటాడు.

సాఫ్ట్‌వేర్‌లో కాజాలకు సమానమైన పనులు చాలా ఉన్నాయి. చిన్న తప్పులు సరిచేయడం, పరీక్షలు రాయడం, పాత కోడ్‌కు వివరణ రాయడం లాంటివి. వీటితో పాటు కోడ్ రివ్యూ అనే పద్ధతి ఉంటుంది. ఒకరు రాసినది అసలు ప్రోగ్రాంలో కలిపే ముందు మరొకరు చదివి వ్యాఖ్యలు రాస్తారు. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ 1976లో ప్రచురించిన తనిఖీ పద్ధతి దీనికి పూర్వరూపం. అప్పట్లో లక్ష్యం తప్పులు పట్టుకోవడం. ఇప్పుడు చాలా బృందాల్లో కొత్తవారికి అదే బడి. ‘ఈ జాబితా ఖాళీగా వస్తే ఏమవుతుంది?’ అని సీనియర్ రాసిన ఒక్క వాక్యంలో వర్షపాతం సమస్యలోని సున్నా మళ్లీ కనిపిస్తుంది. అలాంటి వాక్యాలు కొన్ని వందలు చదివాక, ఆ ప్రశ్న ఎవరూ అడగకుండానే మనసులో మెదులుతుంది. హ్యూబర్ట్, స్టువర్ట్ డ్రైఫస్ సోదరులు 1980లో నైపుణ్యాన్ని అయిదు దశలుగా వర్ణించారు. మొదటి దశలో మనిషి సూత్రాలను పట్టుకుని నడుస్తాడు, చివరి దశలో సందర్భాన్ని చూడగానే ఏం చేయాలో తోస్తుంది. ఆ తోచడం వెనుక ఉన్నవి ఇలాంటి వందల సందర్భాలే.

మొదటి మెట్టు మీద యంత్రం కూర్చుంటే

ఇప్పుడు అసలు ప్రశ్న. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, కాజాల లాంటి చిన్న పనులు చేసిపెట్టే సాధనాలు అందరి చేతికీ అందాయి. అనుభవం ఉన్నవారికి ఇవి వేగాన్ని ఇస్తాయి. వచ్చిన కోడ్ సరైనదో కాదో చదివి చెప్పగల నేర్పు వారికి ముందే ఉంది. ఆ నేర్పు ఇంకా రానివారి సంగతేమిటి?

దీనికి దగ్గరి ఆధారం ఒకటి గణిత బోధన నుంచి వచ్చింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తుర్కియేలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది విద్యార్థుల మీద చేసిన ప్రయోగం 2025లో ప్రచురితమైంది. ఏఐ సహాయంతో అభ్యాసం చేసేటప్పుడు విద్యార్థుల ఫలితాలు 48 శాతం మెరుగుపడ్డాయి. ఆ తర్వాత ఏఐ లేకుండా పరీక్ష రాస్తే, అసలు ఏఐ వాడనివారికన్నా 17 శాతం తక్కువ వచ్చాయి. మరో బృందానికి ఇచ్చిన ఏఐ జవాబు నేరుగా చెప్పకుండా, ఉపాధ్యాయులు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చింది. ఆ బృందానికి ఈ నష్టం దాదాపుగా జరగలేదు. ఇది గణితంలో వచ్చిన ఫలితం కాబట్టి ప్రోగ్రామింగ్‌కు అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం. కానీ మనం ఇంతవరకు చూసిన పరిశోధనలన్నీ అదే దిక్కు చూపుతున్నాయి. జవాబు చెప్పేవారికీ, ప్రశ్న చెప్పేవారికీ ఉన్న తేడా నా 1/6 కథలో ఉన్నదే.

మన దగ్గర ఇది ఉపాధికి సంబంధించిన విషయం కూడా. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు అప్పు చేసి పిల్లలను ఇంజినీరింగ్ చదివిస్తున్నాయి, కోచింగ్ ఫీజులు కడుతున్నాయి. ఆ కుటుంబాల ఆశ అంతా మొదటి ఉద్యోగం మీదే. యంత్రం రాసిచ్చినది తెచ్చి అతికించడమే ఒకరికి వచ్చిన పని అయితే, ఆ పనికి మనిషిని పెట్టుకోవాల్సిన అవసరం ఏ కంపెనీకైనా తగ్గిపోతుంది. యంత్రం రాసినదాంట్లో సున్నాతో భాగహారం ఎక్కడ దాక్కుందో చెప్పగలిగినవారి అవసరం ఉంటుంది. కంపెనీల వైపు నుంచి కూడా ఒక చిక్కు ఉంది. కాజాలు కుట్టే కుర్రవాళ్లను తీసుకోవడం మానేస్తే, కొన్నేళ్ల తర్వాత కత్తిరించేవారు ఎక్కడి నుంచి వస్తారు?

నేర్చుకునేవారికి, నేర్పేవారికి

పై పరిశోధనల నుంచి ఆచరణలో పెట్టదగిన కొన్ని అలవాట్లు ఇవి.

1. రన్ నొక్కే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాయండి. రాసినదానికీ వచ్చినదానికీ తేడా ఉంటే, కారణం తెలిసేవరకు ముందుకు వెళ్లకండి. బ్రిటన్‌లో స్యూ సెంటెన్స్ రూపొందించిన బోధన పద్ధతి కూడా ఊహించడంతోనే మొదలవుతుంది. ఆ తర్వాతే అమలు చేయడం, పరిశీలించడం, మార్చడం, చివరగా సొంతంగా తయారుచేయడం.

2. రోజూ ఇతరులు రాసిన ఒక చిన్న ప్రోగ్రాం చదవండి. అది ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో, తెలుగులోనే, ఎవరికైనా చెప్పండి. చెప్పలేని చోటే మీకు అర్థం కాని చోటు.

3. తప్పు వచ్చినప్పుడు ఒకసారికి ఒకే మార్పు చేయండి. మధ్య విలువలు ప్రింట్ చేసి చూడండి. దొరికిన ప్రతి తప్పునూ, దాని కారణాన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి.

4. ఏఐని కోడ్ అడిగే ముందు మీ ప్రయత్నం ఒకటి రాయండి. ఆ తర్వాత జవాబు బదులు సూచన అడగండి. అది ఇచ్చిన కోడ్‌లో మీరు వివరించలేని వాక్యం ఒక్కటి కూడా మీ ప్రోగ్రాంలోకి రానీయకండి.

5. అధ్యాపకులు మార్కుల్లో కొంత భాగాన్ని ట్రేసింగ్‌కు, కోడ్ వివరించడానికి కేటాయించవచ్చు. ల్యాబులో అవుట్‌పుట్ చూసి సంతకం పెట్టే ముందు ఒక వాక్యం మార్చి, ‘ఇప్పుడు ఏం వస్తుంది?’ అని అడిగితే చాలు. దానికి కొత్త పరికరాలు, నిధులు అక్కర్లేదు.

6. బృందాల్లో సీనియర్లు కొత్తవారికి చిన్న పనులు మిగల్చాలి. రివ్యూలో తప్పు దిద్ది పంపే బదులు, ఆ తప్పు కనబడేలా చేసే ప్రశ్న రాయాలి.

చివరగా మరో చిన్న పరీక్ష. మొదటి నాలుగు వాక్యాలకే ఒకటి జోడించాం, ఒకటి మార్చాం.

క = 5
గ = 7
త = క
క = గ
గ = త

కాగితం మీద మూడు పలకలు గీయండి. ఒక్కో వాక్యానికీ ఏది చెరిగింది, ఏది మిగిలిందో రాసుకుంటూ రండి. చివరికి మూడు పలకల మీదా ఏముందో రాశాక, కంప్యూటర్ ఉంటే టైప్ చేసి చూడండి.